హ్యూ వంతు

ఫైఫ్ తీరపు గోల్ఫ్ మైదానంలో ఒంటరిగా ఆడేవాడు వెనకొచ్చే జంటకి దారివ్వాలి. ఒకప్పుడు దేశానికే ఛాంపియనైన ముసలి నినియన్‌కీ అదే కట్టుబాటు.

"తాతగారూ, ఒక్కరేగా, తప్పుకోండి!" అరిచాడు వెనకున్న కుర్ర వకీలు.

"ఒక్కణ్ణని ఎవడన్నాడ్రా? ఇద్దరం. ఇప్పుడు హ్యూ వంతు," అని కసిరి, నినియన్ రెండో బంతి కొట్టాడు.

అతని జోడీ హ్యూ మొన్న చలికాలంలో పోయాడు. జీవితంలో ఒక్కసారీ నినియన్ మీద గెలవలేదు. గుంతకి జానెడు దూరంలో బంతి ఆగితే, "చాల్లే, పడ్డట్టే" అని ఎదుటివాడు వదిలెయ్యడం అక్కడి మర్యాద. నినియన్ ఏనాడూ వదల్లేదు. "కొట్టి చూపించు" అనేవాడు. హ్యూ చెయ్యి వణికేది, బంతి తప్పేది.

ఇవాళ ఆఖరి గుంతకి జానెడు దూరంలో హ్యూ బంతి ఆగింది. పడితే హ్యూదే గెలుపు. నినియన్ కర్ర ఎత్తాడు. చెయ్యి వణికింది. కర్ర దించి, వంగి బంతిని చేతిలోకి తీసుకున్నాడు.

"చాల్లే హ్యూ, పడ్డట్టే."