దొంగ సర్వేలు పట్టే యాప్

ఇళ్ళకు వెళ్ళకుండా ఒకేచోట కూర్చుని జవాబులన్నీ తామే నింపేసే సర్వేవాళ్ళను జీపీఎస్‌తో పట్టే యాప్ ఒకటి తయారుచేశాను. నా డాక్టరేట్ దానిమీదే. అది తప్పు చేయదని నూటఎనభై పేజీలు రాశాను. మా గైడు ఆత్రేయ సార్ చదివానన్నారు. నేను నమ్మలేదు.

చిక్కబళ్ళాపుర జిల్లాలో పరీక్ష మొదలెట్టిన వారానికే దొంగ దొరికింది. పేరు నేత్ర. దిబ్బూరహళ్ళిలో నలభై రెండు ఇళ్ళ జవాబులు, మ్యాపులో మాత్రం ఒకే చుక్క. యాప్ వెంటనే ఆమె లాగిన్ మూసేసింది. నేను సిగ్గులేకుండా స్వీట్లు పంచాను. ఆమెను ఉద్యోగంలోంచి తీసేయించే ముందు సాక్ష్యం కోసం ఆ ఊరు వెళ్ళాను.

మొదటి ఇంటి గడప దగ్గరే, ఆ ఇంటావిడ మునివెంకటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడికమ్మా లోపలికి? పట్టుపురుగులు కడాపటి మేత మేస్తాండాయి. సెంటు వేరే కొట్టుకోని వచ్చినావు. ఆ వాసనకి అన్నీ సచ్చిపోతాయి."

"రెండే ప్రశ్నలమ్మా."

"రెండైనా నూరైనా పొద్దున్నే పాల డెయిరీకాడికి రా. పాలు పొయ్యను ఊరంతా ఆడికే వస్తాది. నేత్ర ఆడనే కుచ్చోని అందర్నీ అడిగింది. తెలివైన పిల్ల."

పురుగులు గూళ్ళు కట్టేదాకా ఆ ఊళ్ళో ఎవరూ పరాయివాళ్ళను ఇంట్లోకి రానివ్వరట. నా నూటఎనభై పేజీల్లో పురుగన్న మాటే లేదు.

మర్నాడు పాల డెయిరీ దగ్గర కూర్చుని, నా లాగిన్‌తో అవే ప్రశ్నలు అడిగాను. అవే జవాబులు వచ్చాయి. తన గొర్రెలెన్నో తనకే తెలియని చెన్నరాయప్ప కూడా నేత్రకు చెప్పిన తప్పు లెక్కే నాకూ చెప్పాడు. మధ్యాహ్నానికి యాప్ నన్నూ దొంగల్లో కలిపేసింది.

ఆత్రేయ సార్‌కు ఫోన్ చేశాను.

"ఆ ఊరి డేటా తీసేయ్. ఆ అమ్మాయినీ తీసేయ్. వచ్చే నెల నీ వైవా ఉంది," అన్నారు.

అబద్ధమెందుకు, అరగంటసేపు ఆ మాట నాకు నచ్చింది. తర్వాత నామీద నాకే అసహ్యమేసింది. యాప్ తప్పని, వైవా వాయిదా వేయమని సార్‌కు రాసి, నేత్ర లాగిన్ తెరిచి, ఆమెకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను.

నేత్ర అంతా విని అంది.

"నాలుగు దినాలాయ మేడమ్, దొంగ అనిపించుకోని ఇంట్లో కుచ్చోని ఉండాను. ఊరోళ్ళని తలా అరవై ప్రశ్నలు అడగమంటిరి. నన్ను ఒక్కటన్నా అడగలేదే మీరు!"