గుటక

చెంచా తిప్పడం ఆపి, సుద్దక్క గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది. ఉండలు లేవు. మరీ చిక్కగా ఉంటే కక్కేస్తారు, పలచనైతే తెర మీద ఏమీ కనపడదు. ఇరవై ఆరేళ్లుగా ఎక్స్‌రే గదిలో ఆమె పని ఇదే. సుద్దలాంటి ఆ తెల్లటి మందు కలపడం, బతిమాలి తాగించడం. ఆ పొడి ఆమె గోళ్ల సందుల్లో, కనుబొమల్లో ఎప్పుడూ ఉండేది. అసలు పేరు పుట్టింటివాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ పూట అప్పటికి ఎనిమిదిమంది అయ్యారు. బెదిరిపోయేవాళ్లకు ఆమె దారి చెప్పేది. గొంతు దిగాక జానెడు గొట్టం, దాని అడుగున చిన్న తలుపు, తలుపు తెరుచుకుంటే ఎడమ పక్కగా సంచిలాంటి కడుపు. అది చిలికి చిలికి పంపిస్తే, మడతలు మడతలుగా ఇరవై అడుగుల చిన్నపేగు సారమంతా పీల్చుకుంటుంది. చుట్టూ చట్రంలా పెద్దపేగు, నీళ్లు పిండేసుకుని మిగతాది సాగనంపుతుంది. నువ్వు మింగితే చాలు నాయనా, తక్కిన చాకిరీ అంతా అదే చేసుకుంటుంది, అనేది.

ఒక్క గుటక మాత్రం తొమ్మిదేళ్లుగా ఆమెను వదల్లేదు. అది ఆమె భర్తది. ఆయన ప్రెస్సులో కాగితం కోసేవాడు. ఏం తాగినా గొంతులో కుండలో గవ్వ పడ్డట్టు చప్పుడయ్యేది. ఆ రోజు ఈ గదిలోనే తన చేత్తో తాగించింది. తెల్లటి ధార రొమ్ము మధ్య దాకా వచ్చి ఆగి, దారం పోగంత సన్నగా జారింది. ఎలా ఉందని ఆయన అడిగితే శుభ్రంగా దిగిపోయిందని చెప్పింది. డాక్టరునూ చెప్పవద్దని వేడుకుంది. రెండు వారాలకు, అక్కను చూసి వస్తానన్నాడు ఆయన. తగ్గాక వెళ్దురుగాని అంది. ఆ మాట నమ్మి, ముద్ద ముద్దకూ నీళ్లు తాగుతూ ఆమె ఎదుటే తిన్నాడు. నాలుగు నెలలకు ఆ నీళ్లూ దిగలేదు. అక్కగారు వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

ఇప్పటికీ కుళాయి కట్టేశాక ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు వినిపిస్తుంది. బస్సులో ఎవరైనా నీళ్లు తాగితే చాలు, చొక్కా లోపల తెల్లటి గీత దిగుతున్నట్టే ఉంటుంది. అది ఎక్కడ ఆగుతుందోనని ఆమె ఊపిరి బిగబట్టుకుంటుంది.

తొమ్మిదో మనిషి రిటైరైన సైన్సు మాష్టారు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. తోడు ఎవరూ లేరు. ముప్పై ఏళ్లు ఈ బొమ్మే బోర్డు మీద గీశానని, సొంతది చూడటం ఇదే మొదలని నసిగాడు. గ్లాసు అందుకుని గుటక వేశాడు.

గవ్వ పడ్డ చప్పుడు.

చూడకూడదనుకుంటూనే ఆమె తెర వైపు చూసింది. అదే చోటు.

డాక్టరు ఫోను మాట్లాడుతూ లోపలి గదిలోకి వెళ్లాడు. మాష్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"ఎంత సందుందమ్మా?"

రిపోర్టు రేపిస్తారు, డాక్టరుగారే చెబుతారు అనడం ఆమెకు నోటికొచ్చిన పాఠం. ఈసారి ఆ పాఠం పక్కన పెట్టింది.

"దారం పోగంత, మాష్టారూ."

ఆయన బల్ల అంచున కూర్చున్నాడు. తనకో తమ్ముడున్నాడని, మాటల్లేక పదకొండేళ్లని, వేసవిలో వెళ్దామనుకుంటున్నానని నెమ్మదిగా చెప్పాడు.

"వేసవి దాకా ఆగకండి," అంది సుద్దక్క.

ఆయన లేచాడు. ఆ వైపు బస్సు ఎన్నింటికని అడిగాడు. ఒంటిగంటకని చెప్పింది. తల ఊపి వెళ్లిపోయాడు.

డాక్టరు బయటికొచ్చి పెద్దాయన ఏడని అడిగాడు. తమ్ముడి దగ్గరికి వెళ్లాడంది.

"నువ్వేమైనా చెప్పావా?"

"చెప్పానండి."

డాక్టరు తర్వాతి మనిషిని పిలవమన్నాడు.

బట్టలు మార్చుకునే మూలన పరదా జరిపేసరికి స్టూలు మీద, పరీక్షకు ముందు మాష్టారు పెట్టిన గాజు గ్లాసు కనిపించింది. అది పట్టుకుని వసారా దాటి, మెట్లు దిగి, రోడ్డు దాకా పరుగెత్తింది. ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. స్టాపులో ఎవరూ లేరు.

గ్లాసు నీళ్లలో మాష్టారి పళ్ల సెట్టు, ఎవరో మాట మొదలుపెట్టబోయి ఆగినట్టు, కాస్త తెరుచుకుని ఉంది.