బెల్లు మోగకుండానే

ఇల్లు మారాలని మా అమ్మాయి అన్న రోజు నుంచీ నాకు కాలు నిలవలేదు. అసలే బస్సు నడిపి నడిపి రిటైరైనవాణ్ని. ఊరికే కూర్చోమంటే నా వల్ల కాదు. పేపరు తిరగేస్తాను, లేస్తాను, కుళాయి కట్టి ఉందో లేదో చూసొస్తాను, మళ్లీ కూర్చుంటాను. "మీకంటే కాలుగాలిన పిల్లి నయం" అంటుంది మా ఆవిడ. అలాంటివాడి చేతికి సగం ఇల్లు ఖాళీ చేసే పని దొరికితే ఇక చెప్పేదేముంది?

మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లెక్కడం ఇద్దరికీ కష్టమవుతోందని, తన వీధిలోనే కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు చూసింది అమ్మాయి. నెలాఖరుకల్లా మారిపోవాలి. ఉన్న సామాను సగానికి సగం తగ్గితే తప్ప అందులో పట్టదు.

మా ఆవిడదీ మా డిపోయే. కండక్టరు. అదీ నా బండికే, పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా. జనం కిక్కిరిసి కిటికీలు కనపడకపోయినా, తలొంచుకుని టిక్కెట్లు ఇస్తూనే సరిగ్గా స్టాపుకి ముందు "దిగేవాళ్లు ముందుకి రండి" అని కేకేసేది. ఎలా తెలుస్తుందే అంటే, "ఏ మలుపులో మీరు ఎంత ఒరుగుతారో నా కాళ్లకి తెలుసు" అనేది. ఆవిడ తాడు లాగి ఒక బెల్లు కొడితే ఆపాలి. రెండు కొడితే కదలాలి. రెండో బెల్లు మోగకుండా నేను ఏనాడూ బండి కదిలించినవాణ్ని కాదు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. నేను దేనికైనా తొందరపడుతుంటే తలుపు చెక్క మీద వేలి కణుపుతో ఒక్కసారి కొడుతుంది. ఆగాలన్నమాట. సరే అనుకుంటే రెండుసార్లు కొడుతుంది. చూసినవాళ్లు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ, మా బండి అలాగే నడిచింది.

మొదట్లో పని బాగానే సాగింది. మంచి బట్టలు, గాజు సామాను ఆవిడ ఒక్కమాట అనకుండా అమ్మాయికిచ్చేసింది. గోడ మీద ఫొటోలు కూడా దింపించి, "నాకెందుకు, నువ్వు పెట్టుకో" అంది. ఇంత మంచి ఆడదాన్ని పట్టుకుని ఇన్నాళ్లూ పీనాసిదని వెక్కిరించానే అనుకున్నాను.

చిక్కల్లా పనికిమాలిన వస్తువుల దగ్గరే వచ్చింది. వీధి తలుపు పక్కన గొడుగులు పెట్టే ఇనప స్టాండు ఒకటి ఉంది. అందులో గొడుగులుండవు. నడవా మలుపులో కాలు ఊగే స్టూలు. దాని మీద ఎవరూ కూర్చోరు. వంటింటి గుమ్మం పక్కన నడుమెత్తు జాడీ. లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఈ మూడింటినీ ముట్టుకుంటే చాలు, ఆవిడ ఎక్కడున్నా వచ్చి ఒక బెల్లు కొట్టేది.

"ఈ స్టూలు ఎందుకే?"

"ఉండనివ్వండి."

"ఎందుకని అడుగుతున్నా."

"ఉంటే మీకేం బరువు?"

"నాకు కాదు, ఇంటికి బరువు. బంగారంలాంటి సామాను పంచిపెట్టి ఈ దరిద్రాన్ని నెత్తిన పెట్టుకుంటావా?"

ఆవిడ స్టూలుని మళ్లీ దాని చోటికి జరిపి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మధ్య ఆవిడ పద్ధతులే మారిపోయాయి. పేపరు మానేసింది. అందులో ఏముంది, రోజూ ఒకటే గోల అంది. సూదిలో దారం నన్ను ఎక్కించమంది. టీ పోసేటప్పుడు కప్పు అంచు మీద వేలు పెట్టి మరీ పోస్తోంది. "నా టీలో నీ వేలేమిటే" అని విసుక్కుంటే, "రుచి కోసం" అంటుంది. వయసు మీద పడితే మనిషికి చాదస్తం వస్తుందంటారు, ఇదే కాబోలనుకున్నాను. నాకు చాదస్తం లేదని నా నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే అమ్మాయి వచ్చింది, తల్లికి కొత్త ఇల్లు చూపించడానికి. నన్నూ రమ్మన్నారు. పాత సామాన్లతను వస్తున్నాడు, నేను ఉండాలన్నాను. నిజానికి కావాలనే ఆ పూట రమ్మన్నాను అతన్ని. ఆవిడ గుమ్మం దాటబోతూ ఆగి తలుపు మీద ఒక బెల్లు కొట్టింది.

"నేనొచ్చేదాకా ఏదీ కదపకండి."

"సరేలే, వెళ్లిరా."

ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే, వీధి చివర అతని వ్యాను రావడం కిటికీలోంచి కనిపించింది. ఇక నా చేతులు ఆగలేదు. స్టాండు, స్టూలు, జాడీ, వాటితో పాటు చెప్పుల అర కూడా ఎత్తి ఇచ్చేశాను. "దరిద్రం వదిలింది, తీసుకుపో" అన్నాను. నడవా అంతా నీళ్లు పెట్టి తుడిచాను. డిపోలో కడిగి నిలబెట్టిన బండిలా మెరిసిపోయింది. వచ్చాక ఎలాగూ గొడవ పడుతుంది, ఇంత ఖాళీ చూశాక మాత్రం మనసులోనైనా మెచ్చుకుంటుంది అనుకుంటూ గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి తిరిగాను.

మధ్యాహ్నం అమ్మాయి తల్లిని మా అంతస్తు దాకా ఎక్కించి, పనుందని అట్నుంచటే వెళ్లిపోయింది. ఆవిడ లోపలికొచ్చింది. ఎడమ చెయ్యి కిందికి దించింది, స్టాండు ఉండే చోటికి. చేతికి గాలి తగిలింది. రెండడుగులు వేసి మళ్లీ చెయ్యి చాపింది, ఈసారి స్టూలు ఉండాల్సిన వైపు. అక్కడా ఏమీ లేదు. ఇంకొంచెం వంగి వెతికింది. నేను నడవా చివర ఎదురుగానే నిలబడి ఉన్నాను. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. నా వైపు చూడనే లేదు. నడవా మధ్యలో రెండు చేతులూ కొంచెం ఎడంగా పెట్టుకుని ఆగిపోయింది.

"డ్రైవరు గారూ," అంది మెల్లగా. "ఎక్కడున్నాం?"

అంత జనంలో, అన్నేళ్లలో, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు ఆవిడ. పరుగున వెళ్లి చెయ్యి పట్టుకోబోయాను.

"పట్టుకోకండి. గోడ ఎటుందో చెప్పండి చాలు."

"కుడి వైపు. చెయ్యి చాస్తే అందుతుంది."

గోడ అందాక దానికి ఆనుకుని నిలబడింది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"చాలా రోజులైంది. పక్కల చూపంతా పోయింది. ఎదురుగా మాత్రం పొగమంచులో లైట్లు కనపడినట్టు ఏదో కనపడుతుంది. పక్కింటావిడని తోడు తీసుకెళ్లి చూపించుకున్నాను. కంటి నరం దెబ్బతిందట. పోయింది రాదు, ఉన్నది నిలుపుకోమని చుక్కలిచ్చారు."

"నాకెందుకు చెప్పలేదే?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"చెబితే మీరేం చేస్తారో నాకు తెలీదా? పొయ్యి దగ్గరికి రానివ్వరు. మెట్లు దిగనివ్వరు. ఓ కుర్చీలో కూలేసి, అన్నీ మీరే పరుగులు పెట్టి చేస్తారు. ఇన్నాళ్లూ మీ బండికి కండక్టర్ని. ఇప్పుడు పాసింజర్ని చేస్తారు నన్ను."

సరిగ్గా అదే చేసేవాణ్ని.

"మరి ఆ స్టూలు, ఆ జాడీ..."

"అవి నా స్టాపులు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా మీద ఎంతో, దాచినందుకు ఆవిడ మీదా అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

పాత సామాన్ల కొట్టు రెండు వీధుల అవతల. వెళ్లేసరికి అతను ఆ స్టూలు మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరూ కూర్చోని స్టూలు.

"లే బాబూ."

"ఏమైంది సార్?"

"అది మాది. స్టాండు ఎక్కడ? జాడీ ఎక్కడ?"

"పొద్దున దరిద్రం అన్నారుగా?"

"అన్నాను. లే."

అతను నా కాళ్ల వంక, నా మొహం వంక చూసి, ఇంకేమీ అడగకుండా వ్యాను తీశాడు. చెప్పుల అర మాత్రం అప్పటికే ఎవరో పట్టుకుపోయారట. పోతే పోయింది, అది స్టాపు కాదని ఆవిడే తర్వాత చెప్పింది.

ఇల్లు మారిన రోజున అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నాన్నా, కాలు పెట్టే చోటు లేదు ఇక్కడ. ఈ జాడీ ఎందుకు తెచ్చారు? దారికడ్డం. అమ్మ తట్టుకుని పడుతుంది."

"అవి లేకపోతే పడతానమ్మా" అంది తల్లి. కూతుర్ని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని అంతా తనే చెప్పింది. నేను మధ్యలో నోరు విప్పబోతే మంచం పట్టె మీద ఒక బెల్లు కొట్టింది. ఆగిపోయాను. అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "జాగా ఎలా మరి?" అని అడిగింది.

జాగా నేను చూశాను. నా పడక్కుర్చీని పాత సామాన్లతనికి ఇచ్చేశాను. ఎలాగూ నేను కూర్చునే రకం కాదు.

అమ్మాయి తనింటికి వెళ్లాక ఇక మిగిలింది ఆవిడ ఒంటరిగా నడవడం. వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా. నేను గోడకి ఆనుకుని చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. కట్టుకోకపోతే అవే వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకునేలా ఉన్నాయి. స్టాండు అందింది. అక్కణ్నుంచి నాలుగడుగులు వేసి చెయ్యి చాపింది. అందలేదు. ఒళ్లు ముందుకి తూలింది. నేను కదలలేదు. ఆవిడ నిలదొక్కుకుని గోడ మీద ఒకటి కొట్టింది.

"స్టూలు ఇటు జరపండి. ఇంకొంచెం. చాలు."

మళ్లీ గుమ్మం దగ్గరనుంచి మొదలుపెట్టింది. స్టాండు. స్టూలు. జాడీ. జాడీ మూత మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడి, వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నె చప్పుడైంది. కాసేపటికి టీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వేలు పడింది" అంది.

"పడనీ" అన్నాను. కాలుతున్నా చివరిదాకా తాగాను.

పాత ఇంట్లో ఇంకో వ్యానెడు సామాను ఉంది. తీసుకురావాలి. మామూలుగా అయితే నేను ఈపాటికి ఆ ఇంటి మెట్ల మీద ఉండేవాణ్ని. ఆవిడని కొత్త ఇంట్లో ఒక్కదాన్నీ వదిలి వెళ్లాలంటే మాత్రం కాలు రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు తొడిగాను, విప్పాను, మళ్లీ తొడిగాను. ఒకటి మోగితే ఉండిపోదామనుకున్నాను. ఒకటి మోగాలని కూడా అనుకున్నాను.

వంటింటి గుమ్మం మీద రెండు మోగాయి. బయల్దేరాను.