చెలమ తేరుకునే దాకా

ఇసుకలోంచి బుడగ లేచింది. పగిలింది. మళ్లీ ఒకటి లేచింది.

సువర్ణరేఖ నది ఒడ్డున, రాళ్ల మధ్య, దోసిలి పట్టేంత చెలమ. అడుగున ఊట... ఎవరూ అడగకపోయినా ఊరుతూనే ఉంది.

తవిటమ్మ దోనె దిగింది. కాళ్లు తడిశాయి. తడిసినట్టు తెలియలేదు.

మరిది సూర్యం దోనెను రాయికి కట్టాడు. ఆమె చేతిలో సీసా ఉంది — పెనిమిటి అసిరయ్య ఉక్కు కార్ఖానాలో ఫర్నేస్ డ్యూటీకి పట్టుకెళ్లే సీసా. అసిరయ్య లేడు. మొన్నటి వానల్లో పోయాడు. సీసా ఉంది.

ఆదివారం వస్తే చాలు, కార్ఖానా వాళ్లుండే సిద్ధగోరా పేటలో ఇంటికి తాళం వేసి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఈ దోనెలోనే వచ్చేవాళ్లు. అసిరయ్యకు గొప్పలు చెప్పుకోవడం మహా సరదా.

"కళ్లు మూసుకుని తాగినా ఈ నీళ్లు పోల్సుకుంతానే!"

ఆమె నవ్వేది. అప్పట్లో నవ్వు తొందరగా వచ్చేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. ఊరిని వాన వదల్లేదు. అసిరయ్యను జ్వరం వదల్లేదు. ఆస్పత్రి మంచం మీద ఒక్కటే అడిగాడు.

"మన ఊట నీళ్లు తెత్తావేటే?"

నది గట్లు ఒరుసుకుని పోతోంది. చెలమ ఎక్కడో బురద కింద ఉంది. ఏ దోనె వెళ్తుంది?

వరండాలో కుళాయి తిప్పింది. ఈ సీసాయే నింపింది.

"ఊట నీళ్లే. తాగు."

తాగాడు. కళ్లు మూసుకునే తాగాడు.

"సల్లగున్నాయే."

అంతే. అవేనని అనలేదు. కావనీ అనలేదు. తెల్లారేసరికి పోయాడు.

పోల్చుకున్నాడా —

తవిటమ్మ ఏడవలేదని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. ఏడుపే కాదు, అన్నంలో ఉప్పు కూడా తెలియడం లేదామెకు. ఈ ఒక్క ప్రశ్నే లోపల తొలుస్తోంది.

ఇన్ని ఆదివారాలూ ఆయన ముఖం చూస్తూ తాగిందే గాని, నీళ్ల రుచి పట్టించుకోలేదు. ఇవాళ పట్టించుకోవాలి. కుళాయి నీళ్లకూ వీటికీ తేడా ఉంటే... ఆయనకు తెలిసిపోయినట్టే. పెళ్లాం అబద్ధాన్ని ఆఖరి గుక్కగా మింగి పోయినట్టే.

చెలమ తోడడం ఆయనే నేర్పాడు. నిలవ నీరు దోసిళ్లతో పారబోయాలి. అడుగున బురద రేగుతుంది. తేరుకునే దాకా ముట్టకూడదు.

తోడింది. పారబోసింది. కూర్చుంది.

నది పోతోంది. దూరంగా కార్ఖానా సైరన్ కూసింది. ఎవరిదో షిఫ్ట్.

నీరు తేరుకుంది.

కళ్లు మూసుకుని తాగింది. గొంతులోంచి ఏదో దిగింది. రుచి... మళ్లీ తాగింది. తీపి లేదు. చప్పదనం లేదు. ఏమీ లేదు.

"ఎలాగున్నాయి వదినా?" సూర్యం ఆశగా వంగి చూశాడు. ఏటికి ఎదురు దోనె నడిపి వచ్చాడు, ముఖం చెమటలు కారుతోంది. అతన్ని చిన్నబుచ్చబుద్ధి కాలేదు.

"సల్లగున్నాయి," అంది.

అన్నాక వినబడింది. ఆ మాట... ఆయనదే.

సీసా మూత తీసే ఉంది. నింపాలో వద్దో తెలియలేదు.

ఇసుకలోంచి బుడగ లేచింది. పగిలింది. మళ్లీ ఒకటి —