అరవై దగ్గర సన్నగీత

ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే మన్నించండి. అరవై దాటాక పట్టిన పలక నాది. తీగ చుట్టినంత చురుగ్గా అక్షరం చుట్టడం ఈ చేతికి ఇంకా రాలేదు. ఈ నాలుగు కాగితాలకే ఎండాకాలమంతా పట్టింది. “నేను, నేను” అని రాస్తుంటే ఎవరో వెనకనించి చూస్తున్నట్టు సిగ్గేసింది. అందుకని “ఆవిడ” అని రాశాను. జరిగింది మాత్రం నాకే.

వీధిలో ఆవిడని చుట్టలమ్మ అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆ పేరు విని, పొగ తాగుతుందేమోనని ఓరగా చూసేవాళ్ళు. ఆవిడ చుట్టేది రాగి తీగ. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇచ్చే దుకాణం వాళ్ళది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు దుకాణం అల్లుడు చూసుకుంటున్నాడు. కానీ వెంట్రుకలాంటి సన్నతీగ పని వస్తే అల్లుడి చేతిలో పుటుక్కుమంటుంది, అత్తగారి చేతిలో తెగదు.

ఒక రోజు పొద్దున్నే గీతల మాస్టారు చెక్కచట్రం ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడు చూసినా ల్యాప్‌టాప్‌లో ఏవో గీతలు చూసుకుంటూ ఉంటాడని ఆ పేరు. చట్రం బండిచక్రమంత ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు గాడులున్నాయి.

“ఆరువేల చుట్లు కావాలమ్మా. గాడికి మూడువేలు.”

అల్లుడు పానా కింద పెట్టాడు. “ఏం మోటారు మాస్టారూ? ఏనుగుకి కడతారా?”

“మోటారు కాదు నాయనా. ఇది తిరగదు.”

“తిరగనిదానికి ఆరువేల చుట్లా?”

“ఇది వింటుంది,” అన్నాడు మాస్టారు. స్టూలు లాక్కుని కూచున్నాడంటే పాఠం మొదలైనట్టే. కరెంటు తీగలోనే ఉండిపోదట. సన్నటి రొదలాగా చుట్టుపక్కలకి పాకుతూ పోతుందట. మన కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది కాబట్టి ఆ రొద యాభై దగ్గర గీతగా కనపడుతుంది. ఎక్కడో దూరాన వేరే లెక్కన ఊగే కరెంటుంటే దాని గీత వేరేచోట పడుతుంది. పెద్దచుట్ట ఉంటే దాన్ని పట్టుకోవచ్చు.

“సముద్రంలో దీవి ఉందే, నలభై మైళ్ళ అవతల, అక్కడి ఇంజన్లు అరవై మీద నడుస్తాయి. ఇప్పుడు సముద్రం అడుగున కేబులు వేశారు. వచ్చే శుక్రవారంతో ఆ పవర్‌హౌస్ ఆపేసి, మన యాభై అక్కడికి పంపుతారు. ఆపేలోగా ఒక్కసారి ఆ గీత చూడాలని నా ఆశ.”

చుట్టలమ్మ చేతిలో తీగ ఆగిపోయింది.

“ఏ శుక్రవారం మాస్టారూ?”

“ఇవాళ్టికి పన్నెండో రోజు.”

“చట్రం ఇటివ్వండి,” అందావిడ.

ఆవిడ పుట్టింది ఆ పవర్‌హౌస్ వెనక క్వార్టర్లలో. తండ్రి అక్కడ ఇంజను ఆపరేటరు. చిన్నప్పుడు మధ్యాహ్నం కేరేజీ పట్టుకెళ్ళి, తండ్రి తినేదాకా, కరెంటు ఎన్నిసార్లు ఊగుతోందో చూపించే గోడమీది మీటరు చూస్తూ కూచునేది. అందులో తెల్లటి మొనలున్న రేకులు పళ్ళలాగా వరసగా ఉండేవి. మధ్యలో, అరవై దగ్గరున్న రేకు ఒక్కటే గజగజ ఆడేది. అంకెలు తెలియకపోయినా ఆ మధ్యరేకు ఆడుతుంటే లోకం సవ్యంగా ఉందని ఆవిడకి తెలుసు. ఆ రొద గోడల్లో ఉండేది, మంచంలో ఉండేది, తలగడలో ఉండేది. పెళ్ళయి ఇవతలి ఒడ్డుకొచ్చాక నెలరోజులు నిద్రపట్టలేదు. ఏమిటని మొగుడు అడిగితే, “మీ వీధి ట్రాన్స్‌ఫార్మరుకి గొంతు బొంగురు పోయింది,” అంది. ఆయన పడీ పడీ నవ్వాడు. తరవాత తీరిగ్గా చెప్పాడు, అక్కడ అరవై, ఇక్కడ యాభై, అందుకే గొంతు దిగిందని. ఆ ఇంట్లో ఆవిడ బెంగని బెంగలా కాక కొలతలా విన్న మనిషి ఆయనొక్కడే.

దీవితో సంబంధం ఎందుకు తెగిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

తండ్రి దగ్గరనించి నెలకో ఉత్తరం వచ్చేది. మొగుడు చదివి వినిపించేవాడు. ముప్పైయొక్కేళ్ళ కింద ఒక ఉత్తరం వచ్చినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. మిల్లు మోటార్లు చుట్టడానికి వెళ్ళాడు. ఆవిడ దాన్ని అల్మారాలో పెట్టింది. ఆపరేటరుగారి అమ్మాయి కదా, బాగా చదువుకుందని వీధిలో అందరూ అనుకునేవారు. ఆవిడ కాదనలేదు. పైగా పక్కింటావిడ ముందు పేపరు మడిచి పట్టుకుని కూచునేది కూడా. ఇప్పుడు ఉత్తరం పట్టుకుని ఎవరింటికి పోతుంది? మొగుడు తొమ్మిదో రోజున వచ్చి చదివాడు. తమ్ముడు రాసింది. నాన్నకి బాగా లేదు, వెంటనే బయల్దేరు.

వెళ్ళేసరికి అంతా అయిపోయింది. లాంచీరేవు దగ్గర తమ్ముడు ఒకే మాట అడిగాడు. “మీ వీధి మొత్తంలో చదవడం వచ్చినవాడు ఒక్కడు లేడా అక్కా?” ఆ తరవాత వాడు మాట్లాడలేదు. తండ్రి ఉద్యోగం వాడికే వచ్చింది. రెండుసార్లు పవర్‌హౌస్‌కి ఫోన్ చేసింది. “ఒరేయ్, నేనురా” అనగానే అవతల టక్కుమని పెట్టేశాడు. పవర్‌హౌస్ ఆగిపోతే ఇక ఆ నంబరు కూడా ఉండదు. ఇన్నేళ్ళూ ఎప్పటికైనా చేద్దాంలే అనుకున్న ఫోనుకి ఇప్పుడు పన్నెండు రోజులు గడువు పడింది.

తొమ్మిది రోజులు చుట్టింది. ఆవిడకి కాగితం మీద లెక్క అలవాటు లేదు. నూరుచుట్లకోసారి నడుముకి కట్టుకున్న దారంలో ఒక ముడి వేస్తుంది. అరవై ముళ్ళు పడ్డాయి. కూతురు వచ్చి, “కళ్ళు పోతాయమ్మా, ఆ మాస్టారుకి వేరే పని లేదు, నీకు అంతకన్నా లేదు,” అని విసుక్కుంది. ఆవిడ “ఊఁ” అంది కానీ పిడి తిప్పడం ఆపలేదు, మాట్లాడితే లెక్క తప్పుతుందని సైగ చేసింది.

మంగళవారం మధ్యాహ్నం అల్లుడి వ్యానులో చట్రం ఎక్కించుకుని పాత ఉప్పుగోదాము దాటి వెళ్ళారు. కరెంటు స్తంభాలు ఆ గోదాముతో ఆఖరు. ఆ తరవాత ఇసుకా, గాలీ, సముద్రమూ. మాస్టారు చట్రాన్ని దీవివైపు అంచు చేసి నిలబెట్టి, రాళ్ళు పేర్చి, తీగకొసలు ఒక చిన్నపెట్టెకీ, ఆ పెట్టెని ల్యాప్‌టాప్‌కీ తగిలించాడు. ముగ్గురూ దుప్పటి కప్పుకుని తెరమీదకి వంగారు, ఎండ పడకుండా.

ఏమీ లేదు. నల్లటి తెర, దాని మీద బూడిదపొడి చల్లినట్టు చుక్కలు.

“దీవి లేదా?” అంది ఆవిడ.

“దీవి సంగతి దేవుడెరుగు,” అన్నాడు మాస్టారు నెత్తి గోక్కుంటూ. “మన యాభై కూడా లేదమ్మా. అది గోడలాగా కనపడాలి. వద్దన్నా కనపడాలి.”

“తీగ తెగిందేమో,” అన్నాడు అల్లుడు. మీటరు పెట్టి చూశాడు. తెగలేదు.

మాస్టారు పెట్టె విప్పాడు, మూశాడు, బ్యాటరీ మార్చాడు. మూడున్నర కావొస్తోంది. ఆవిడ చట్రం చుట్టూ రెండుసార్లు తిరిగింది. రెండు గాడుల మధ్య తాను వేసిన ముడి దగ్గర ఆగి, దాన్ని వేలితో తడిమి, ఇసుకలో చతికిలబడింది.

“నాదే తప్పు మాస్టారూ. మోటారు కట్టాను.”

“అంటే?”

“మోటారులో పక్కపక్క చుట్టలకి చివరా చివరా కలుపుతాం. అప్పుడే ఒకటి ఇటు లాగితే ఇంకోటి అటు లాగుతుంది, మోటారు తిరుగుతుంది. నలభై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే కట్టేసింది. ఇక్కడ ఒకటి విన్నది రెండోది చెరిపేస్తోంది.”

మాస్టారు తన మోకాలి మీద తానే కొట్టుకున్నాడు. “పిల్లలకి ముప్పై ఏళ్ళు చెప్పాను ఈ పాఠం.”

“అత్తయ్యా, వీధిలో చెప్పనులే,” అన్నాడు అల్లుడు.

“చెప్పు. ఈ తప్పు చెయ్యాలన్నా నలభై ఏళ్ళ పనితనం ఉండాలి.”

బ్లేడుతో తీగకొస గీకి, మొదటి చుట్ట చివరని రెండో చుట్ట మొదలుకి మెలేసింది. అంత గాలిలోనూ తీగ తెగలేదు. మాస్టారు మీట నొక్కాడు. యాభై దగ్గర తెల్లటి గోడ లేచి నిలబడింది. దానికి కుడిపక్కన, చాలా ఎడంగా, సాలెపోగులాంటి గీత ఒకటి పైనించి కిందకి జారడం మొదలెట్టింది.

“అరవై,” అన్నాడు మాస్టారు, గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు. తరవాత సైన్సు గుర్తొచ్చింది. “అయినా నమ్మకూడదు. ఈ ల్యాప్‌టాప్ కక్కిన చెత్త కూడా అయివుండొచ్చు. అది దీవిదే అని రుజువేదీ?”

ఆవిడ తెరకి ఇంకాస్త దగ్గరగా వంగింది. గీతనే చూస్తోంది. కళ్ళ ముందు ఆ పాత మీటరులో మధ్యరేకు ఆడుతోంది.

ఉన్నట్టుండి ఆ పోగు తెగి, కుడికి జరిగి, మళ్ళీ కిందకి జారసాగింది.

“చూశారా, చెత్తే,” అన్నాడు మాస్టారు నీరుగారిపోయి. “అరవైయొకటికి దూకింది. ఏ పవర్‌హౌసూ ఇలా చెయ్యదు.”

“టైమెంత?”

“సరిగ్గా నాలుగు.”

“మా నాన్న చేసేవాడు,” అంది ఆవిడ.

పవర్‌హౌస్ గోడకి రెండు గడియారాలుండేవి. ఒకటి కీ ఇచ్చేది, ఇంకోటి కరెంటుతో నడిచేది. ఇంజను రోజంతా ఎంత మందగిస్తే కరెంటు గడియారం అంత వెనకబడుతుంది. అప్పట్లో దీవిలో బడికీ రేవుకీ అవే గడియారాలు. అందుకని తండ్రి రోజూ నాలుగింటికి రెండూ పోల్చి, ఎన్ని సెకన్లు తగ్గితే అంతమేర ఇంజను కాస్త వడిగా నడిపి సరిచేసేవాడు. ఆ పని ఎవరూ చెప్పింది కాదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు కరెంటు గడియారం ఎవరింట్లోనూ లేదు. అయినా ఎవరో పిడి పట్టుకుని తిప్పుతున్నారు. అది ఎవరో ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు.

నాలుగూ పదికి గీత మళ్ళీ అరవైకి వచ్చి కూచుంది.

“అల్లుడూ, ఫోనియ్యి.”

నంబరు ఆవిడ వేళ్ళకి తెలుసు. రెండు మోతలకే ఎత్తారు.

“పవర్‌హౌస్.”

గొంతు ముసలిదైంది. వెనక ఇంజను రొద. ఈసారి ఆవిడ “నేనురా” అనలేదు.

“కంప్లైంటు ఇవ్వాలండీ.”

“చెప్పండి. ఏ వీధి?” కాగితం తిప్పిన చప్పుడు. కంప్లైంటు చెప్పేవాళ్ళు పూర్తిచేసేదాకా ఫోను పెట్టకూడదన్నది తండ్రి పెట్టిన పద్ధతి.

“వీధి లేదు. ఫ్రీక్వెన్సీ సంగతి. నాలుగింటికి అరవైయొకటికి పోయింది, పది నిమిషాలుంది. అంటే పది సెకన్లు దిద్దారు. దానికి అర సైకిలు పెంచి, అరవైన్నర దగ్గర ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. మీ ముందున్నాయన అలాగే చేసేవాడు. మీకెందుకంత తొందర?”

అవతల కుర్చీ కిర్రుమంది.

“ఈ దీవిలో ఎవరి దగ్గరా అది కొలిచే మీటరు లేదు,” అన్నాడు.

“నేను దీవిలో లేను. ఇవతల ఉప్పుగోదాము దగ్గరున్నాను. ఇక్కడికి కనపడుతోంది.”

ఆవిడ టక్కుమనే చప్పుడుకోసం కాచుకుని ఉంది. అది రాలేదు.

“గవర్నర్ స్ప్రింగు సాగిపోయింది, ఇంజను వేగం పట్టి ఉంచడంలేదు,” అన్నాడు చివరికి. “అర సైకిలు దగ్గర నిలబడి చావదు. ఉంటే అరవై, లేకపోతే అరవైయొకటి. మూడేళ్ళుగా కొత్తది అడుగుతున్నా. మూసేసేదానికి స్ప్రింగు ఎవడిస్తాడు?”

“ఒక చుట్టు కోసి బిగించకపోయావా?”

“రెండు కోశా. ఇంకోటి కోస్తే బిగించడానికి స్ప్రింగే ఉండదు.”

ముప్పైయొక్కేళ్ళలో ఇద్దరూ ఇంత మాట్లాడుకున్నది ఇదే మొదటిసారి.

“కంప్లైంటు రాసి ఇవ్వాలి,” అన్నాడు తమ్ముడు. “ఫోనులో చెల్లదు. నీకు రాయడం రాదుగా.”

“వచ్చు. నాలుగేళ్ళయింది నేర్చుకుని.” ఆవిడ గాలికి వీపు తిప్పి, ఫోను చెవికి అదుముకుంది. “ఒరేయ్, ఆ రోజు వీధిలో చదివేవాళ్ళు లేక కాదురా. ఇంటికొకరున్నారు. నాకు రాదని తెలిసిపోతుందని ఎవరినీ అడగలేదు. నాన్న ఉత్తరం మామూలుదే అయ్యుంటుందనుకున్నాను. నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సిన మాట ఇది.”

మాస్టారూ అల్లుడూ చట్రం అవతలికి పోయి, అక్కడ ఏదో పని ఉన్నట్టు రాళ్ళు సర్దుతున్నారు.

అవతల తమ్ముడు దగ్గాడు. ముక్కు చీదాడు. తరవాత రేవులో మనుషుల్ని అదిలించే గొంతుతో అన్నాడు:

“శుక్రవారం పదకొండింటికి ఇంజను ఆపుతాం. పెద్ద ఇంజనీర్లు వస్తున్నారు, ఒక్కడికీ వాల్వు ఎటు తిప్పాలో తెలియదు. లాంచీ ఏడింటికి. ఏమీ తినకుండా ఎక్కు. పోయినసారి నువ్వు లాంచీ నిండా వాంతి చేసుకుంటే, రేవులో మనిషిమనిషికీ క్షమాపణ చెప్పలేక చచ్చాను.”

— చుట్టలమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు దీవిలో, ఆగిపోయిన పవర్‌హౌస్ వెనక క్వార్టర్లలో, తమ్ముడి దగ్గర ఉంటున్నాను.