వ్రతం మాత్రలు

మా అత్తగారు సంపూర్ణమ్మగారు పంచాంగం పట్టుకుని వంటింట్లోకి వచ్చారంటే అది తిథి కోసం కాదు, నాకోసం. "ఏమే జగదాంబా, అన్నవరంలో వ్రతం అనుకుంటున్నాం, ఏకాదశికి నీకు కుదురుతుందా?" అంటారు. కుదరడం అంటే నాకు తీరిక ఉందా అని కాదండోయ్, ఒంట్లో బాగుందా అని అసలే కాదు. నెలసరి అడ్డొస్తుందా అని. వస్తుందంటే ఆవిడేం కంగారు పడరు. వీధి గుమ్మం వైపు తిరిగి "ఒరేయ్ కాశీ, దీనికి ఆ మాత్రలు తెచ్చిపెట్టరా" అని కేకేస్తారు. రామచంద్రపురం మెయిన్ రోడ్డు మీద మాది మందుల షాపు మరి. సాయంత్రానికల్లా మాత్రలు వచ్చేస్తాయి, నెలసరి ఆగిపోతుంది, నేను పట్టుచీర కట్టుకుని ఆయన పక్కన పీట మీద కూర్చుంటాను.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆడపడుచుల పెళ్లిళ్లకి, గోదాం గృహప్రవేశానికి, మామగారి సంవత్సరీకాలకి, ఏటేటా సత్యనారాయణస్వామి వ్రతానికి. అవి మింగినన్నాళ్లూ కడుపు ఉబ్బిపోయి, రొమ్ములు బరువెక్కి, తల పగిలిపోయేది. ఓసారి ఆ మాటే అంటే మా ఆయన కాశీవిశ్వనాథంగారు "దేవుడి పని కదే, నాలుగు రోజులు ఓర్చుకోలేవా?" అన్నారు. ఓర్చుకున్నాను. మాత్రలు వెయ్యకపోతే వెనక వసారాలో చాప. ఆ చాప మీద కూడా ఖాళీగా ఉండనివ్వరు. షాపుకి మందుల కవర్లు అంటించాలి. నేను ముట్టుకుంటే ఊరగాయ పాడైపోతుంది, నీళ్లబిందె మైలపడిపోతుంది, పాత పేపర్లకి మాత్రం ఏమీ అవ్వదట! పాతికేళ్ల పైనుంచి ఆ షాపులో మాత్రలన్నీ నేను అంటించిన కవర్లలోనే ఊళ్లోకి వెళ్తున్నాయి, ఎవరైనా ఒక్క మాటన్నారేమో కనుక్కోండి.

నలభై ఆరో ఏడు వచ్చాక ఆ కవర్లు అంటిస్తుంటేనే మొదలైంది. ఒక్కసారిగా గుండెల్లోంచి సెగ లేచి మెడ మీదుగా మొహానికి పాకింది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది, చేతిలో కవరు తడిసిపోయింది. అది మొదలు నిద్ర లేదు. నెలసరి ఓ నెల వచ్చేది, రెండు నెలలు వచ్చేది కాదు, వచ్చిందంటే నన్ను పీల్చి పిప్పి చేసేది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. పెసరట్టు మాడిందని మా ఆయన మొహం చిట్లిస్తే పొయ్యి దగ్గర కూర్చుని బావురుమన్నాను. పెసరట్టుకి ఏడ్చే మనిషినా నేను? నాకు నేనే కొత్తగా కనిపించి భయం వేసింది.

"ఆడపుట్టుక పుట్టాక అందరికీ వచ్చేదే. మేమంతా పడలేదా?" అన్నారు అత్తగారు. నిజమే, పడ్డారు. ఆ ఏళ్లలో ఆవిడ కంచాలు విసిరేవారు, కోడలిగా ఆ కంచాలు ఏరింది నేనే. మందు ఏదైనా చూడండి అని మా ఆయన్ని అడిగాను. "ఈ వయసులో హార్మోన్లు ఏంటే, నలుగురు వింటే నవ్విపోతారు. అవి వేసుకుంటే లేనిపోని రోగాలొస్తాయి" అన్నారు. చూశారా! వ్రతానికైతే మాత్ర, నాకైతే రోగం. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఒంట్లో సెగ కన్నా ఎక్కువే.

ఆ కోపంలోనే రాజమండ్రి బస్సెక్కాను. దానవాయిపేటలో ప్రసన్నకుమారిగారని డాక్టరమ్మ, లూథరన్ చర్చి వాళ్లు, నా ఈడావిడే. నేను చెబుతుంటే బల్ల మీద విసనకర్ర తీసి నాకు విసిరి, తర్వాత తను విసురుకున్నారు. "మీకొక్కరికే అనుకున్నారా?" అన్నారు నవ్వుతూ. చెప్పొద్దూ, ఆ నవ్వుకే నాకు సగం జబ్బు తగ్గింది. పరీక్షలన్నీ చేశాక అరమరికలు లేకుండా చెప్పారు. "ఇందులో మంచీ ఉంది, చెడ్డా ఉంది జగదాంబగారూ. ఏది పడుతుందో వాడి చూస్తేగానీ తెలీదు. రోజూ వేసుకునే మాత్ర ఒకటి. అదొక్కటే వాడితే గర్భసంచికి ముప్పు. అందుకని నెలలో కొన్నాళ్లు రెండో మాత్ర కలిపి, తర్వాత ఆపెయ్యాలి. ఆపాక నెలసరి వస్తుంది. రానివ్వాలి."

మొదటి మాత్ర పడలేదు. పొద్దున్నే వేవిళ్ల మనిషిలా వాంతులు. అత్తగారు నన్ను పైకీ కిందకీ చూసి "ఇదేం విడ్డూరమే!" అన్నారు. డాక్టరమ్మ మోతాదు సగానికి తగ్గించారు, వాంతులు పోయాయి. రెండో మాత్ర మొదలెట్టగానే తలనొప్పి, రొమ్ముల బరువు, ఊరికే ఏడుపు. మళ్లీ బస్సెక్కి వెళితే, ఏ మాత్ర అని చూశారు. "ఇది మీకు కొత్త కాదు. ముట్టు వాయిదా వెయ్యడానికి మీ ఇళ్లలో వాడేది ఇదే" అన్నారు. ఇన్నేళ్లూ నాకు పడని మందు నాచేత మింగించింది మా ఇల్లన్నమాట! ఆవిడ ఇంకో రకం రాశారు. మా షాపులో లేకపోతే మా ఆయన సణుక్కుంటూనే కాకినాడ నుంచి తెప్పించారు.

అది పడింది. ఎంత హాయిగా పడిందంటే, ఓ రోజు తెల్లారి పాలవాడు తలుపు కొడితేగానీ మెలకువ రాలేదు. రాత్రంతా నిద్రపోయానని అప్పుడు తెలిసింది. సెగలు తగ్గాయి. చింతకాయ పచ్చడి నూరుతూ నాలో నేనే కూనిరాగం తీస్తున్నానని అత్తగారు చెబితే తెలిసింది. మాత్ర ఆపాక నెలసరి వచ్చింది, మర్యాదగా వచ్చి మర్యాదగా వెళ్లింది. నా ఒళ్లు నాకు తిరిగొచ్చిందండీ, అంతకంటే ఎలా చెప్పను?

మరుసటి నెల రెండో మాత్ర అయిపోవచ్చే సమయానికి అత్తగారు పంచాంగం పట్టుకుని వచ్చారు, ఇందాక చెప్పిన ఏకాదశి కోసం. లెక్క చూస్తే నెలసరి సరిగ్గా దాని మీద పడుతోంది. "ఈసారి నావల్ల కాదు అత్తయ్యగారూ, ద్వాదశి దాటాక పెట్టుకోండి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మా ఆయనా ఏమీ అనలేదు. అప్పుడే అనుమానం రావాలి నాకు, మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒకేసారి ఊరుకున్నది ఎప్పుడు గనక! ఆ సాయంత్రం ఆయన ఓ మాత్రల కవరు చేతిలో పెట్టి "డాక్టరమ్మ కబురు చేసింది. ఇంకొన్నాళ్లు వాడాలట, మోతాదు కూడా పెంచమంది" అన్నారు. డబ్బాలోంచి విడిగా పోసిన తెల్ల మాత్రలు, ఎప్పుడూ వచ్చేలాంటివే. వేసుకున్నాను.

మర్నాటి నుంచే పాత బాధలన్నీ దిగబడ్డాయి. తల పగిలిపోతోంది, జాకెట్టు తగిలితే రొమ్ము మండుతోంది. ఒంటినొప్పి కాదు నన్ను చంపింది. ఈ మందూ పడలేదు, ఇక నాకు లేనట్టే, మిగిలిన బతుకంతా ఇలాగే ఏడవాలి కాబోలు అన్న దిగులు. ఇక చాలు, మానేస్తున్నానని చెప్పడానికే రాజమండ్రి వెళ్లాను.

"నేనెవరితోనూ కబురు పంపలేదండీ" అన్నారు ప్రసన్నకుమారిగారు. కవరు విప్పి ఒక మాత్ర అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పారు. మొహం ఎర్రబడింది. "ఇది నేను రాసింది కాదు. మీకు పడదని మాన్పించిన పాతది. ఎవరిచ్చారమ్మా?"

ఎవరిచ్చారో కవరే చెబుతోంది. మడతలు నావి, అంచు వెంట మైదా జిగురు నా వేలితో రాసింది. నేను అంటించిన కవర్లోనే నాకు పోసిచ్చారు! ఏడవలేదు నేను. ఆ కుర్చీలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. డాక్టరమ్మ పాతవి ఆపెయ్యమని, రోజూ వేసుకునే మాత్ర మాత్రం మానొద్దని, నెలసరి వచ్చి వెళ్లాక రెండోది మళ్లీ మొదలెట్టమని చెప్పి కొత్త చీటీ రాశారు. "మందులో తప్పేం లేదు, మీకు చక్కగా పడింది. వదులుకోకండి" అన్నారు. వదులుకుంటానా?

మా షాపుకి సరిగ్గా ఎదురుగా రాజమౌళిగారి మందుల షాపు. మా మామగారి కాలం నుంచి పోటీ. తలనొప్పి మాత్ర కూడా ఆ షాపులోంచి మా గుమ్మం తొక్కలేదు. మా ఇంటి ఆడది ఆ మెట్లెక్కడమంటే మా షాపు పరువు రోడ్డు మీద పారబోయడమే. బస్సు దిగి, సంచీ చంకన పెట్టుకుని, మా షాపు ముందునుంచే నడిచి ఆ మెట్లెక్కాను. సాయంత్రం బేరాల వేళ, బోలెడు జనం.

రాజమౌళిగారు కంగారుగా లేచి నిలబడ్డారు. "ఏంటి చెల్లెమ్మా, మీ షాపు ఎదురుగానే ఉండగా..."

"ఆ షాపులో నాకు వేరే మందు ఇస్తున్నారండీ" అన్నాను, రోడ్డు అవతలికి వినబడేలా. "ముట్లు ఆగిపోయే వయసుకి వాడే మందు. రెండు రకాలూ ఇవ్వండి. విడి మాత్రలొద్దు, పేరున్న అట్టలే కావాలి."

ఆయన చీటీ చూసి, చప్పున పేపర్లో చుట్టబోయారు. ఆడవాళ్ల మందు కదా, దాచాలి కదా! "చుట్టకండి, అలాగే ఇవ్వండి" అన్నాను. రెండట్టలూ చేత్తో పట్టుకుని రోడ్డు దాటాను. మా ఆయన కౌంటరు దగ్గర నిలబడిపోయారు, ఎదుట బేరగాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏంటిది జగదాంబా, నలుగుర్లో... ఇంటికి నడు, మాట్లాడుకుందాం. ఏకాదశికి అమ్మ ముచ్చటపడిందని ఇచ్చాను. అయినా అన్నీ ఆడాళ్ల మాత్రలే కదే!" అన్నారు గొంతు తగ్గించి.

నేను తగ్గించలేదు. ఆయనిచ్చిన కవరు కౌంటరు మీద పెట్టాను. "ఇవి మీ వ్రతం మాత్రలు. స్వామికి నేను ఎలా ఉన్నా పనికొస్తానంటే పీట మీద కూర్చుంటాను. పనికిరానంటే, ఏకాదశి మార్చుకోండి. నా ఒంటికి మీరు ముహూర్తం పెట్టడం మాత్రం ఈ పూటతో సరి."

లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చుకుని, అందరూ చూస్తుండగా అట్ట చించి, ఆ కౌంటరు దగ్గరే నా మాత్ర వేసుకున్నాను.