పెళ్లికొడుకు కొలత

వికారాబాద్ బజారులో దర్జీ కరీముద్దీన్ కత్తెర పట్టాడంటే చేతులు ఇక్కడ, మనసు తాండూరులో. అక్కడి బండల వ్యాపారి అజమత్ కూతురు జహీరాబీని పోయిన రంజాన్ నాడు పరదా సందులోంచి ఒక్కసారి చూశాడు. అంతే, మనవాడి కొంప మునిగింది. వాళ్ల నాన్నని అడుగుదామంటే నోరు పెగలదు. ఈలోగా ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనని ఒకటే దడ.

నిజాం రాజ్యం పోయి ఏడెనిమిదేళ్లయినా షేర్వానీలకు గిరాకీ తగ్గలేదు. జహీరాబీ అన్న జమాల్ పెళ్లి షేర్వానీ కుట్టే పని కరీముద్దీన్‌కే దొరికింది. ఇంకేముంది, ఉబ్బితబ్బిబ్బయ్యాడు! తీసుకున్న కొలతలు రాసుకోకుండా మనసులోనే గుర్తుపెట్టుకునే అలవాటు అతనిది. బట్ట పరిచి సుద్దతో గీతలు గీస్తుండగానే మనసు ఎటో ఎగిరిపోయింది. ఖాజీసాబ్ వచ్చాడు, పూల సెహ్రా కట్టారు, పరదా అవతల జహీరాబీ తలవంచుకుని కూర్చుంది. మరి ఆ నిఖాలో పెళ్లికొడుకు ఎవరు? కరీముద్దీనే! చేతులకేం తెలుసు పాపం, ఆ పెళ్లికొడుకు కొలతకే కోసి కుట్టేశాయి.

పెళ్లినాడు పొద్దున్నే మూట చంకన పెట్టుకుని తాండూరులో రైలు దిగాడు. జమాల్ మామూలు మనిషా, బండలెత్తి పెరిగిన ఒళ్లు! షేర్వానీలో ఒక చెయ్యి ఎలాగో దూరింది, రెండోది సగంలోనే ఇరుక్కుంది. అజమత్ ముఖం కందగడ్డయింది.

"ఎవని కొలతరా ఇది? నువ్వే తొడుక్కో, జూద్దాం!"

కరీముద్దీన్ తొడుక్కున్నాడు. అబ్బ, అతికినట్టు సరిపోయింది! ఇంటినిండా ఉన్న చుట్టాలు కళ్లప్పగించి చూశారు.

"జర సేపైతే బరాత్ ఎల్లాలె. నా కొడుకు ఏం తొడుక్కోవాలె, చెప్పు!" అని అజమత్ గర్జించాడు.

వింటేగా! షేర్వానీ ఒంటిమీద పడగానే మనసు మళ్లీ జారుకుంది. ఖాజీసాబ్ ఎదురుగా కూర్చుని, ఈ నిఖా నీకు సమ్మతమేనా అని అడుగుతున్నాడు. కరీముద్దీన్ కళ్లు మూసుకుని, ఇల్లంతా మారుమోగేలా అన్నాడు.

"ఖుబూల్ హై!"

చుట్టాలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏంది ఖుబూల్?" అన్నాడు అజమత్.

కరీముద్దీన్ కళ్లు తెరిచాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేడు.

"మీ జహీరాబీ, చాచా. కుట్టేటప్పుడు నా మనసంత గీడనే ఉండె. మాఫ్ చెయ్యండ్రి. గీ షేర్వానీ ఇప్పుడే కోసి పారేస్త."

ముందు జమాల్‌కు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. అంతలో పరదా వెనకనుంచి సన్నగా జహీరాబీ గొంతు వినబడింది.

"అబ్బాజాన్, గా షేర్వానీ కొయ్యనియ్యకు. ఆయనకు మంచిగనే ఉన్నది."

అజమత్ పరదా వంక చూశాడు, కరీముద్దీన్ వంక చూశాడు. మీసం కింద నవ్వు దాచుకోవాలని చూశాడు గానీ, దాగలేదు.

"పెట్టెలకెల్లి నా పెండ్లి షేర్వానీ తియ్యండ్రి. జమాల్‌కు సరిజేసి ఇయ్యి. జల్ది కానియ్యి, అల్లుడా!"

కరీముద్దీన్ సూది చేతికి తీసుకున్నాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా, కళ్లు పరదా వంకే పోతుంటే దారం ఎక్కదే! చివరికి జమాలే ఎక్కించి ఇచ్చాడు.